నూడుల్స్ తినొద్దు అనకండి, వండుకోమనండి

పోస్ట్ పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ సగంలో వదిలేయకండి.

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒక మాట తరచుగా కనిపిస్తోంది. "మన పిల్లలు సామన్నం, చోడి అంబలి మరిచిపోయారు. సంతకెళ్తే నూడుల్స్ బండి దగ్గరే ఉంటున్నారు. ఇలాగైతే ఆదివాసీ సంస్కృతి ఏం మిగులుతుంది?" అని. పెద్దవాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. ఆ మాట కింద మా వయసు వాళ్లు నవ్వే బొమ్మలు పెట్టి వెళ్లిపోతారు. మేము బొమ్మ పెట్టి వదిలేయదలుచుకోలేదు. జవాబు చెప్పాలనుకుంటున్నాం.

మేమంటే ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చి టౌన్ హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. బండి తిండి తింటాం. దాచేదేం లేదు. సెలవులకి ఊరెళ్లినప్పుడు అదే తిండి ఇంట్లో పొయ్యి మీద వండుతాం కూడా. అలా వండుతూ వండుతూ మాకు తోచిందే ఇక్కడ రాస్తున్నాం.

ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది. నూడుల్స్ తినడం వల్ల మన సంస్కృతి పోదు. కొనుక్కోవడం ఒక్కటే వచ్చి, వండుకోవడం ఏదీ రాకపోతే పోతుంది. కాబట్టి ఆ నూడుల్స్‌నే ఇంటికి తెచ్చుకుందాం. మన పొయ్యి మీద, మన చేత్తో వండుకుందాం. ఆ వంకతో మనం వదిలేసిన వంటింట్లోకి మళ్లీ అడుగుపెడదాం.

ముందు ఒక ప్రశ్న. మన పిల్లలు బండి దగ్గరికి ఎందుకు వెళ్తున్నారు?

రుచి అంటారు. నిజమే, ఉప్పు, నూనె, సాస్ కలిస్తే నాలుక ఊరుకోదు. కానీ ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మనలో చాలామంది మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలలో చేరిపోయాం. అప్పటి నుంచి కంచం పట్టుకుని లైన్లో నిలబడటమే. గంట కొడితే తినాలి. ఏది వేస్తే అది తినాలి. సోమవారం ఏం కూరో, గురువారం ఏం కూరో గోడ మీద రాసే ఉంటుంది. పదేళ్లు, పన్నెండేళ్లు అలా తిన్న పిల్లవాడు మొదటిసారి బండి దగ్గరికి వెళ్తే అక్కడి మనిషి అడుగుతాడు: "తమ్ముడూ, ఏం కావాలి? ఎగ్గా, చికెనా? కారం ఎక్కువా, తక్కువా?" అప్పటిదాకా తిండి విషయంలో నీకేం కావాలని వాడిని ఎవరూ అడగలేదు. వాడు డబ్బులిచ్చేది ఆ ప్రశ్నకి కూడా. మన కళ్ల ముందే, మన కోసమే మంట పెద్దది చేసి, గరిటె తిప్పి, వేడివేడిగా ప్లేట్లో పెట్టడం చిన్న సంగతి కాదు. ఇది అర్థం చేసుకోకుండా "బండి తిండి మానేయండ్రా" అంటే ఏ కుర్రాడూ వినడు.

రెండో ప్రశ్న. అసలు ఇది ఎవరి తిండి?

బోర్డు మీద "చైనీస్ ఫాస్ట్‌ఫుడ్" అని ఉంటుంది. కానీ గోబీ మంచూరియా చైనాలో పుట్టలేదు. మంచూరియా అనే ప్రాంతం చైనా ఈశాన్యంలో ఉన్నమాట నిజం. ఈ కూరకి మాత్రం దాంతో సంబంధం లేదు. కలకత్తాలో చైనీయుల ఇంట పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటాయన 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్‌లో చికెన్ మంచూరియన్ చేశాడని చెప్తారు. ఇక్కడి వంటల్లో వేసే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తీసుకున్నాడు. గరం మసాలా పక్కనపెట్టి సోయా సాస్ వేశాడు, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. మన దేశంలో, మన నాలుక కోసం పుట్టిన వంట అది. తర్వాత చికెన్ బదులు కాలీఫ్లవర్ వచ్చి గోబీ మంచూరియా అయింది.

దాని వెనక ఇంకా పాత కథ ఉంది. 18వ శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరిని ఇప్పటికీ అచీపూర్ అనే పిలుస్తారు. ఆ తర్వాత చైనా నుంచి వడ్రంగులు, రేవు కూలీలు, తోలు పనివాళ్లు వచ్చారు. వాళ్లలో హక్కా అనే జనం ఉన్నారు. హక్కా అంటే వాళ్ల మాటలో అతిథి కుటుంబాలు అని అర్థం. సొంత దేశంలోనే వలస వచ్చినవాళ్లు, బయటివాళ్లు అనిపించుకున్నారన్నమాట. కలకత్తాకి వచ్చాక వాళ్లు టాంగ్రా అనే చోట తోలు శుద్ధి చేసే పని పట్టుకున్నారు. ఆ పనిని ఇక్కడి పై కులాలు మైలగా చూసేవి, అందుకే అది వాళ్లకి దొరికింది. మనం పార్సిల్ కట్టించుకునే "హక్కా నూడుల్స్" అనే పేరు ఆ జనానిదే.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. అప్పుడు ఇక్కడే పుట్టి పెరిగిన చైనీయులను కూడా శత్రువులుగా అనుమానించి, సుమారు 3,000 మందిని రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు. పిల్లలను, ముసలివాళ్లను కూడా. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. బయటికొచ్చాక చాలామంది కెనడా వంటి దేశాలకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తోలు పనితో పాటు హోటళ్లు నడిపారు. 1996లో సుప్రీంకోర్టు తోలు కర్మాగారాలను ఊరి బయటికి తరలించమన్నాక టాంగ్రాకి హోటళ్ల పేరే మిగిలింది.

అమెరికాలో కూడా ఇలాంటిదే జరిగింది. 1869లో పూర్తయిన రైలు మార్గానికి కొండలు తవ్వింది చైనా కూలీలు. 1882లో అదే అమెరికా చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టం చేసింది. ఉన్నవాళ్లకి చాలా పనులు మూసుకుపోయాయి. చాలామందికి మిగిలినవి బట్టలు ఉతికే దుకాణం, లేకపోతే హోటల్. అక్కడి వాళ్ల నాలుకకి తగ్గట్టు తీపి పెంచి, ఘాటు తగ్గించి వండి, అట్టపెట్టెల్లో పార్సిల్ ఇచ్చారు. అమెరికా వాళ్లు ఇష్టంగా తినే చైనీస్ పార్సిల్ తిండి అలా తయారైంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఇందులో మన కథ కూడా ఉంది. తిండి నచ్చింది, వండిన మనిషి నచ్చలేదు. ప్లేటు ఖాళీ చేశారు, మనిషిని బయట నిలబెట్టారు. ఈ రోజుకీ నూడుల్స్, మోమోలు లొట్టలేసుకుని తింటూనే ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన మన తోటి ఆదివాసీ పిల్లల ముఖం చూసి వెక్కిరించేవాళ్లు సిటీలో ఉన్నారు. మన సంగతి చూడండి. అరకు వచ్చే టూరిస్టుకి బొంగు చికెన్ కావాలి. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు కాబట్టి సామలు, కొర్రలు ఇప్పుడు సిటీ షాపుల్లో అందమైన ప్యాకెట్లలో ఉంటున్నాయి. అవే సామలు తిని పెరిగిన పిల్లవాడు హాస్టల్లో "కొండోడు" అనే మాట పడుతూనే ఉన్నాడు.

కాబట్టి పెద్దలకు మా మొదటి మనవి ఇది. నూడుల్స్ మన శత్రువు కాదు. ఊరు విడిచిన జనం, మైల పని చేసిన జనం, అనుమానం భరించిన జనం బతకడానికి తయారుచేసిన తిండి అది. దాన్ని తక్కువగా చూడాల్సిన అవసరం ఆదివాసీలమైన మనకి లేదు.

అయితే బండి మీద దొరికే ప్లేటును మేము వెనకేసుకు రావడం లేదు. దాని సంగతీ చెప్పుకుందాం. భయపెట్టే వాట్సాప్ మెసేజ్ లాగా కాదు, లెక్క ప్రకారం.

అందరూ తిట్టేది అజినొమోటోని. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు వేసి కాచిన నీళ్లకి ఆ రుచి ఎక్కడి నుంచి వస్తోందా అని వెతికి గ్లూటమేట్‌ని పట్టుకున్నాడు. మరుసటి ఏడాదే అది అజినొమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. గ్లూటమేట్ మనం రోజూ తినే టమాటాలో సహజంగానే ఉంటుంది. 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. అప్పటి నుంచి ఆ భయం ప్రపంచమంతా పాకింది. తర్వాత చేసిన పరీక్షల్లో, వంటలో మామూలుగా వేసే మోతాదుకి అలాంటి హాని ఉన్నట్టు గట్టిగా తేలలేదు. అంటే చిటికెడు అజినొమోటో విషం కాదు. అలాగని అది లేకపోతే వంట రాదనీ కాదు. మేము అసలు వేయం.

భయపడాల్సినవి వేరే మూడు ఉన్నాయి. మొదటిది రంగు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. అక్కడి అధికారులు 171 శాంపిళ్లు పరీక్షిస్తే 107 శాంపిళ్లలో వాడకూడని రంగులు బయటపడ్డాయి. మంచూరియా అంత ఎర్రగా మెరుస్తోందంటే అది మిరపకాయ ఎరుపు అనుకోవద్దు. రెండోది మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించడం. నూనె పాడైందో లేదో తేల్చడానికి మన దేశంలో 2018 నుంచి ఒక కొలత పెట్టారు, కానీ సంతలో బండి దగ్గరికి వచ్చి ఆ కొలత ఎవరు చూస్తారు? మూడోది ఉప్పు. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. దాని మీద మళ్లీ ఉప్పు, మళ్లీ చిల్లీ సాస్ వేస్తే ఒక ప్లేటుతోనే రోజు కోటా దాటొచ్చు.

ఈ మూడూ వండేవాడి చేతిలో ఉంటాయి. గరిటె మన చేతిలో ఉంటే మన చేతిలో ఉంటాయి. అందుకే "మానేయండి" కాదు, "వండుకోండి" అంటున్నాం.

మేము ఎలా వండుతామో చెప్తాం. ఏదైనా ఊళ్లో చేయగలిగేలానే చెప్తాం.

ఫ్రైడ్ రైస్‌కి వేడి అన్నం పనికిరాదు, ముద్దవుతుంది. అన్నం చల్లారితే మెతుకు గట్టిపడి విడివిడిగా ఉంటుంది. హోటళ్లవాళ్లు నిన్నటి అన్నం ఫ్రిజ్‌లో పెట్టి వాడతారు. మన ఇళ్లల్లో ఫ్రిజ్ లేదు కదా అని రాత్రి అన్నం బయట వదిలేసి పొద్దున వేయించొద్దు. అలా ఉంచిన అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. నీళ్లలో పులిసే చద్దన్నం సంగతి వేరు. మేము చేసేదేమిటంటే, నీళ్లు కొంచెం తగ్గించి అన్నం పలుకుగా వండి, శుభ్రమైన చేటలో పలచగా పరిచి గాలికి ఆరబెడతాం. ఆవిరి మొత్తం పోయి చల్లారగానే వండేస్తాం. సామన్నం అయితే ఇంకా బాగా వస్తుంది. సామబియ్యం ఒక గ్లాసుకి ఒకటిన్నర నుంచి రెండు గ్లాసుల లోపు నీళ్లు చాలు. పలుకు పలుకు విడిపోతుంది, సాస్ పట్టుకుంటుంది. ఎగ్ ఫ్రైడ్ రైస్ సామలతో చేస్తే తేడా కనిపెట్టలేని కుర్రాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు.

నూడుల్స్ అయితే, మరిగే నీళ్లలో కొంచెం ఉప్పు, ఒక చెంచా నూనె వేసి ఉడికించాలి. పూర్తిగా మెత్తబడక ముందే, కొరికితే లోపల కొంచెం గట్టి తగిలేటప్పుడే వంచేయాలి. వెంటనే చన్నీళ్లు పోసి, వార్చి, కొంచెం నూనె రాసి పక్కన పెట్టాలి. ఈ చన్నీళ్లు పోయకపోతే అవి వేడికి ఉడుకుతూనే ఉండి అంటుకుపోతాయి.

ఆ తర్వాత మంట. సిటీ ఇళ్లల్లో గ్యాస్ స్టవ్ మీద బండి వాసన రావడం లేదని వాపోతారు. మన కట్టెల పొయ్యికి ఆ బాధ లేదు. ఎండిన కట్టెలు వేసి ఊదితే కడాయి పొగలు కక్కుతుంది. ఇంట్లో కాదు, పెరట్లో మూడు రాళ్లు పెట్టి చేయండి, అమ్మ కళ్లకి పొగ తప్పుతుంది. కూరలన్నీ సన్నగా తరిగి, గుడ్లు పగలగొట్టి, సాస్ కొలిచి ముందే పక్కన పెట్టుకోవాలి. మంట మొదలయ్యాక వెతుక్కునే టైం ఉండదు. నూనె కాగాక వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి. అవి చిటపటమనగానే ఉల్లి, క్యాబేజీ, క్యారెట్. రెండు నిమిషాలు చాలు, కరకరలాడాలి. వాటిని ఒక పక్కకి నెట్టి గుడ్లు కొట్టి కలపాలి. ఆ తర్వాత అన్నమో నూడుల్సో వేసి తిప్పాలి. ఆరుగురికి రెండు పెద్ద చెంచాల సోయా సాస్ చాలు. పులుపుకి వెనిగర్ లేకపోతే నిమ్మకాయ. ఉప్పు చివర్న, రుచి చూశాకే. పైన మిరియాల పొడి. ఒకేసారి ఆరుగురికి కడాయి నింపొద్దు. నింపితే వేగదు, ఉడుకుతుంది. రెండు మూడు వాయిలుగా చేయాలి.

మంచూరియాకి కాలీఫ్లవరే ఉండాలని లేదు. క్యాబేజీ సన్నగా తురిమి, ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి, నీళ్లు గట్టిగా పిండేయాలి. అందులో కొంచెం మైదా, కార్న్‌ఫ్లోర్, అల్లం, మిరియాల పొడి కలిపి చిన్న ఉండలు చేసి వేయించాలి. మైదా బదులు బియ్యప్పిండి, కొంచెం చోడిపిండి కలిపినా ఉండ నిలుస్తుంది. రంగు నల్లగా వస్తుంది, అంతే. వేరే కడాయిలో వెల్లుల్లి, అల్లం, మిర్చి, ఉల్లి వేయించి, సోయా సాస్, టమాటా సాస్ వేసి, నీళ్లలో కలిపిన ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ పోస్తే చిక్కబడుతుంది. ఉండలు అందులో వేసి తిప్పి వెంటనే దించేయాలి. ఎర్ర రంగు అక్కర్లేదు.

ఇప్పుడు ఒకసారి కడాయిలోకి చూడండి. అల్లం మన కొండ మీద పండుతుంది. మిరియాలు మన కాఫీ తోటల్లో చెట్లకి పాకుతున్నాయి. పచ్చిమిర్చి పెరట్లోనే ఉంటుంది. గుడ్డు మన కోడిది. మన అల్లం సంతలో షావుకారు చెప్పిన రేటుకి అమ్మేసి, అదే సంతలో అల్లం వెల్లుల్లి పేస్టు ప్యాకెట్ కొనుక్కొస్తున్నాం. బయటి నుంచి తప్పనిసరిగా కొనాల్సింది సాస్ సీసా, నూడుల్స్ ప్యాకెట్, కొంచెం పిండి. మిగతా "చైనీస్" అంతా మన ఊళ్లోనే ఉంది.

వెదురు కొమ్ముల సంగతి ఇంకా విచిత్రం. వానాకాలం మన అడవిలో వచ్చే లేత వెదురు కొమ్ములు మన అమ్మలు తరతరాలుగా వండుతున్నారు. అదే కొమ్ము చైనాలో కూడా పాతకాలం నుంచి ఇష్టమైన కూర. సిటీలో పెద్ద చైనీస్ హోటళ్లవాళ్లు దాన్ని డబ్బాల్లో కొంటారు. పచ్చి కొమ్ములో విషం పుట్టించే పదార్థం ఉంటుంది. అందుకే పొరలు ఒలిచి, సన్నగా తరిగి, బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. ఇది మాకు పుస్తకం చెప్పలేదు. అమ్మ చేస్తుంటే చూశాం, కెమిస్ట్రీలో తర్వాత చదువుకున్నాం. ఆ ఉడికిన కొమ్ములు నూడుల్స్‌లో వేసి చూడండి. చైనా వాడికీ మన అవ్వకీ ఇద్దరికీ నచ్చే ప్లేటు అదొక్కటే అనుకుంటాం.

ఖర్చు కూడా చెప్తాం. మా సంతలో ఎగ్ నూడుల్స్ ప్లేటు 70 రూపాయలు. ఇంట్లో ఆరుగురుంటే 420. అదే ఆరుగురికి ఇంట్లో వండితే నూడుల్స్, గుడ్లు, కూరలు, నూనె, సాస్ వాటా అన్నీ కలిపి రెండొందల పై చిల్లర అవుతోంది. గుడ్లు, అల్లం, మిర్చి ఇంటివే అయితే ఇంకా తక్కువ. సామన్నంతో చేస్తే మరీ తక్కువ. ఆ మిగిలిన డబ్బు ఎక్కడిదో మనకి తెలుసు. అమ్మ అడ్డాకులు కుట్టి, చింతపండు గింజ తీసి అమ్మి, చీర కొంగున ముడేసిన డబ్బు అది. "హాస్టల్లో ఖర్చులకి ఉంచుకో నాయనా" అని ఇచ్చిన నోటు. ఒక్కడే తినేసే ప్లేటుకి బదులు ఆ నోటుతో ఇంటిల్లిపాదీ తినొచ్చు.

ఇక అబ్బాయిలతో ఒక మాట. బండి మీద గరిటె తిప్పేది మగవాడే. వాడిని "మాస్టర్" అంటాం. అదే మగవాడు ఇంట్లో గరిటె పట్టుకుంటే "ఆడంగి" అంటాం. ఇదేం లెక్క? మన అమ్మలు పొద్దున్నే నీళ్లు మోసి, పోడుకి వెళ్లి, సాయంత్రం కట్టెల మోపుతో వచ్చి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటున్నారు. కాలేజీ చదువు మనల్ని కనీసం ఒక పూట ఆ పొయ్యి ముందు కూర్చోబెట్టకపోతే దేనికి? నూడుల్స్‌తో మొదలుపెట్టడంలో ఒక సుళువు ఉంది. అది అమ్మకి రాని వంట. కాబట్టి "నువ్వు లే, నాకొచ్చు" అంటే అమ్మ లేస్తుంది. సామన్నం వండుతానంటే నవ్వి గరిటె లాక్కుంటుంది.

అసలు సంగతికి వచ్చాం. చదువు మనకి చాలా ఇచ్చింది. కానీ ఎనిమిదేళ్ల వయసులోనే ఇంటి నుంచి తీసుకెళ్లింది. అమ్మ పక్కన కూర్చుని, ఏ ఆకు ఎప్పుడు కోయాలి, ఏ పుట్టగొడుగు తినాలి, ఏది ముట్టకూడదు, అంబలి ఎంత పులియాలి అని నేర్చుకోవాల్సిన ఏళ్లు హాస్టల్లో గడిచిపోయాయి. అందుకే మన తరానికి మన తిండి రాదు. మరిచిపోయాం అంటున్నారు కానీ చాలామందికి నేర్చుకునే అవకాశమే రాలేదు. అది నూడుల్స్ చేసిన పని కాదు.

కానీ పొయ్యి దగ్గర కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మేము కడాయిలో నూడుల్స్ తిప్పుతుంటే అమ్మ చూసి, "దీంట్లో వలిసెల పొడి వేస్తే?" అంది. వేశాం. బాగుంది. ఆ పొడి ఎలా చేస్తావమ్మా అని అడిగాం. ఎంత దోరగా వేయించాలో, మిరపకాయ ఎప్పుడు వేయాలో చెప్పింది. ఇరవై ఏళ్లలో ఆ పొడి తిన్నాం కానీ ఎలా చేస్తావని మేము అడిగింది ఆరోజే. నాయనమ్మ మాత్రం నూడుల్స్ చూసి "వానపాముల్లా ఉన్నాయి" అని ముట్టుకోలేదు. సామల ఎగ్ ఫ్రైడ్ రైస్ మాత్రం రెండోసారి పెట్టించుకుంది. అదీ మేము చెప్పేది. బండి దగ్గర ఈ మాటలు జరగవు.

కొందరు అడుగుతారు, ఇంట్లో వండినా మైదా మైదాయే కదా అని. నిజమే. నూడుల్స్ రోజూ తినే తిండి కాదు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యం, మైదా దాని దగ్గరకి కూడా రావు. మన పిల్లల్లో, ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఉందో ఊళ్లో ఆశా అక్కని అడిగితే చెప్తుంది. కాబట్టి రోజూ చోడి, సామ, ఆకుకూర, పప్పు ఉండాల్సిందే. నూడుల్స్ పండక్కో, సెలవు రోజుకో. అలా అప్పుడప్పుడు ఉంచుకోవడం కూడా ఇంట్లో వండితేనే కుదురుతుంది. అన్నీ తరిగి పొయ్యి రాజేయాలంటే రోజూ ఎవరికీ బుద్ధి పుట్టదు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. సంతలో బండి పెట్టుకుని బతికే మన ఆదివాసీ కుర్రాళ్ల పొట్ట కొడతారా అని. లేదు. వాళ్లు మన అన్నలే. వాళ్లని మేము అడిగేది రెండే. రంగు వేయొద్దు, నల్లబడిన నూనె పారబోయండి. చేతనైతే బోర్డు మీద ఇంకో లైను రాయండి: సామల ఫ్రైడ్ రైస్. కలకత్తా చైనీయులు పొట్టకూటి కోసం తమ వంటని ఇక్కడి నాలుకకి తగ్గట్టు మార్చుకుని దేశమంతా తినిపించారు. మన చేతి వంట మనమే మన పేరుతో ఎందుకు అమ్ముకోకూడదు? మనం రాయకపోతే ఆ బోర్డు ఇంకొకరు రాసుకుంటారు. బొంగు చికెన్ ఇప్పటికే పెద్ద ఊళ్ల హోటళ్ల బోర్డులకెక్కింది.

చివరగా, వచ్చే సెలవులకి ఊరెళ్లే వాళ్లందరికీ ఒక పని. ఒకరోజు ఇంట్లో అందరికీ ఎగ్ నూడుల్సో, ఫ్రైడ్ రైసో మీరే వండండి. వండే ముందు ఎవరెవరికి కారం ఎంత కావాలో అడగండి. అమ్మని కూడా అడగండి. ఆమెని ఎవరూ అలా అడిగి ఉండరు. మర్నాడు అమ్మ దగ్గర ఒక్క వంట నేర్చుకోండి. వలిసెల పొడో, వెదురు కొమ్ముల కూరో, అంబలో ఏదైనా సరే. కొలతలు కాగితం మీద రాసుకోండి. పిడికెడు అంటే ఎంతో, గుప్పెడు అంటే ఎంతో ఆమె చేతినే కొలిచి రాసుకోండి. రెండు వంటలూ ఈ గ్రూప్‌లో పెట్టండి. నూడుల్స్ ఫోటోకి లైకులు ఎక్కువొస్తాయి, పర్లేదు. అమ్మ వంట కొలతలు మాత్రం సేవ్ చేసుకోండి.

జై ఆదివాసీ.